నా పట్టికలో మాయమైన పిల్లలు

వారం ఆగితే కోపం చల్లారి మర్యాదగా రాసేస్తానేమోనని భయం. అందుకే ఈ సాయంత్రం మా కాలేజీ పాలకమండలి సమానత ప్రణాళికను ఆమోదించగానే ఇంటికి వచ్చి, ఇంత పెరుగన్నం తిని, ఇది రాయడానికి కూర్చున్నాను.

నేను కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీ గణాంకాల విభాగంలో పనిచేస్తున్నాను. ఈ రాష్ట్రంలో ఇలాంటివి 116 ఉన్నాయి. తక్కువ ఫీజుతో రెండేళ్ళు చదివి, ఆపైన విశ్వవిద్యాలయంలో మూడో ఏడాదిలో చేరవచ్చు. మా వంటి కాలేజీలు మూడేళ్ళకొకసారి ఈ సమానత ప్రణాళికతో రాష్ట్రానికి లెక్క చెప్పాలి: ఏ వర్గం విద్యార్థులు ఎక్కడ వెనకబడుతున్నారు, అందుకు మీరేం చేస్తున్నారు అని. చూసేవి ఐదు మెట్లు. దరఖాస్తు పెట్టినవారు చేరారా, మొదటి ఏడాదిలోనే విశ్వవిద్యాలయ స్థాయి లెక్కలు, ఇంగ్లీషు గట్టెక్కారా, రెండో టర్ముకు తిరిగి వచ్చారా, పట్టానో సర్టిఫికెట్టో అందుకున్నారా, నాలుగేళ్ళ విశ్వవిద్యాలయానికి మారారా. వీటిని జాతివారీగా, ఆడా మగా వారీగా, వికలాంగులు, మాజీ సైనికులు, ఫోస్టర్ ఇళ్ళలో, అంటే ప్రభుత్వం అప్పగించిన పెంపకం ఇళ్ళలో, పెరిగినవారు అంటూ విడదీసి చూపాలి.

సమాచారం తీయడం రెండు రోజుల్లో అయిపోయింది. తేడా లెక్కగట్టడం కూడా కష్టం కాదు. కాకపోతే ఒక వర్గం శాతాన్ని కాలేజీ మొత్తం సగటుతో పోల్చకండి. ఆ వర్గాన్ని పక్కకు తీసి, మిగిలినవారి శాతంతో పోల్చాలి. లేకపోతే పెద్ద వర్గం తనను తానే పోల్చుకున్నట్టయి తేడా చిక్కిపోతుంది. నా ముందు ఈ కుర్చీలో కూర్చున్నాయన ఏళ్ళ తరబడి సగటుతోనే పోల్చాడు, మెప్పులు కూడా పొందాడు.

విశ్వవిద్యాలయాలకు మారినవారి ఆచూకీ పేరు, పుట్టిన తేదీ చూసి దేశవ్యాప్త జాబితాతో సరిపోలుస్తారు. ఇక్కడ మనవాళ్ళే నన్ను ఏడిపించారు. ఒక చోట ఇంటిపేరు ముందు, ఇంకో చోట వెనక. ఒకమ్మాయి మా రికార్డులో చదువు మానేసినట్టుంది, చూస్తే పక్క ఊళ్ళో విశ్వవిద్యాలయంలో మూడో ఏడాది చదువుతోంది!

ఇక అసలు సంగతి.

సమీక్షా సమావేశానికి పద్దెనిమిది మంది వచ్చారు. తెరమీద నా రంగుల పట్టిక, వర్గం వెనకబడిన చోట గడి ఎరుపు. అమెరికన్ ఇండియన్, అంటే ఈ నేల మూలవాసుల వరుసలో ఐదు గళ్ళలోనూ నక్షత్రం గుర్తు. పదిమంది లోపు ఉన్నచోట అంకె చూపితే ఫలానా పిల్లవాడని పోల్చుకునే వీలుంటుంది కాబట్టి దాచిపెడతాం. విద్యార్థుల గోప్యతకు 1974లోనే చట్టం వచ్చింది. "ఈ వర్గంలో విద్యార్థులు మరీ తక్కువ, చెప్పుకోదగ్గ తేడా లేదు" అని ధీమాగా చెప్పి కింది వరుసలోకి దిగాను.

వెనక కుర్చీలోంచి ఒక పెద్దావిడ చెయ్యెత్తారు. మూలవాసీ విద్యార్థులకు ఆవిడ సలహాదారు. ఆవిడదీ ఇక్కడి ఒక తెగే. "ఈ టర్ములో నా గదికి వచ్చి సంతకం పెట్టిన మన విద్యార్థులు ముప్పై నలుగురు. మీ లెక్కలో వాళ్ళేరీ?" అని అడిగారు. నేను నవ్వి, వేరే కాలేజీ పిల్లలు కూడా వస్తుంటారేమో అన్నాను. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి. ఆవిడ మాట్లాడలేదు. సంచిలోంచి సంతకాల పుస్తకం తీసి బల్లమీద పెట్టారు. డీన్ గొంతు సవరించుకుని, "ఈవిడ కొత్తగా వచ్చారు, నేర్చుకుంటారు లెండి" అన్నారు. పదకొండేళ్ళుగా అంకెలతోనే కాపురం చేస్తున్నాను నేను! ఆ పట్టిక నమూనా నాకు ఇచ్చింది ఆయనే.

ఆ రాత్రి నిద్ర లేదు. మర్నాడు ఆ పుస్తకంలోని పేర్లు ఒక్కొక్కటీ రికార్డుల్లో వెతికాను. ముప్పై నలుగురూ మా కాలేజీవాళ్ళే. మా పట్టికలో మూలవాసులుగా మిగిలింది మాత్రం ఆరుగురు.

మిగతావాళ్ళను మింగింది ఫారమే. అందులో రెండు ప్రశ్నలుంటాయి. మీరు హిస్పానికా (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవారా) కాదా అన్నది మొదటిది. మీ జాతి ఏది, ఎన్నయినా గుర్తు పెట్టండి అన్నది రెండోది. 2010 నాటికి కాలేజీలన్నిటికీ వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం, మొదటిదానికి అవునన్నవారు రెండోదానిలో ఏం పెట్టినా హిస్పానిక్ లెక్కలోకే పోతారు. కాదని చెప్పి రెండు గళ్ళు గుర్తు పెట్టినవారు "రెండు లేదా అంతకు మించిన జాతులు" అనే గంపలో పడతారు. తండ్రిది తెగ, తల్లిది మెక్సికో అయితే ఆ పిల్ల హిస్పానిక్. అమ్మమ్మ తెల్లజాతి మనిషని నిజాయితీగా రాస్తే గంప. ఏ కలయికా లేనివారే మూలవాసుల వరుసలో నిలుస్తారు, వారు పదిమంది లేకపోతే నక్షత్రం.

గుంటూరులో లెక్చరరుగా ఉన్న మా అక్కకు ఫోనులో ఇదంతా చెబితే, "అక్కడ తహసీల్దారు సర్టిఫికెట్ అడగరా?" అంది. అడగరు, ఎవరు పెట్టిన గుర్తు వారిదే. మనిషి మాటను అంతగా నమ్మి రాయించుకుని, తరువాత సగం చెరిపేయడమే నాకు మింగుడుపడలేదు. బీసీలనే ఏ, బీ, సీ, డీ, ఈ అని ఐదుగా విడదీసిన చోటినుంచి వచ్చినదాన్ని నేను. ఇక్కడ లావోస్ కొండలనుంచి వచ్చిన మ్హోంగ్ శరణార్థి కొడుకూ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు కొడుకూ "ఆసియన్" అనే ఒకే గడిలో సర్దుకోవాలి. హైదరాబాదు నుంచి ఎఫ్-1 వీసా మీద వచ్చిన కుర్రాడు కేంద్రానికి పంపే లెక్కల్లో ఆ గడిలో కూడా ఉండడు, అతనికి విదేశీయుల వరుస వేరే.

మళ్ళీ లెక్కించాను. ఏ గడితో కలిపి పెట్టినా సరే, మూలవాసి అని గుర్తు పెట్టిన ప్రతివారినీ ఆ వరుసలో చేర్చాను. నక్షత్రాలు పోయి అంకెలు వచ్చాయి. లెక్కలు, ఇంగ్లీషు మెట్టు దగ్గర గడి ఎర్రబడింది. తేడా లేదని నేను చదివి వినిపించిన చోటే.

"వర్గాలన్నీ కలిపితే నూరు శాతం దాటుతోంది" అన్నారు డీన్. ఒక మనిషి ఇద్దరు తాతల మనవడు కావచ్చు కదండీ అన్నాను. రాష్ట్రం ఇచ్చిన పట్టికను ముట్టుకోకుండా, మా సొంత పట్టికను ప్రణాళిక కథనంలో చేర్చేందుకు చివరికి ఒప్పుకున్నారు. అది నేను సాధించిందే, చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. అధ్యాపక సెనేట్ సంతకం ఒక్కరోజులో వచ్చింది. పాలకమండలి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఈ పని నెత్తిన పడబోయేవారు పట్టిక గీయకముందే సలహాదారుల గదులకు వెళ్ళి టీ తాగండి. ఐటీ విభాగం "జాతి" అని ఒకే నిలువు వరుస పంపితే తీసుకోకండి. విద్యార్థి పెట్టిన గుర్తులన్నీ దరఖాస్తులో ఉంటాయి, అవే కావాలని పట్టుబట్టండి. 2024 మార్చిలో కేంద్రం ఆ రెండు ప్రశ్నలనూ ఒకటిగా కలిపి నిబంధన మార్చింది. మా ఫారం ఇంకా పాతదే.

పెద్దావిడకు సంతకాల పుస్తకం తిరిగి ఇచ్చినప్పుడు క్షమించమన్నాను. "వచ్చే టర్ముకు కొత్త పుస్తకం కొనాలి" అన్నారు ఆవిడ. ముప్పై నలుగురి గుర్తులూ నేను చేత్తో ఎక్కించుకున్నవే. పాత ఏళ్ళవి పంపమని ఐటీవాళ్ళను అడిగి మూడు వారాలైంది. సోమవారం మళ్ళీ అడగాలి.