అంచుల్లేని బండకు మెత్తని క్లైంబింగ్ షూ: ఎంచుకోవడంలో నా అనుభవం

ఫ్రిక్షన్ క్లైంబింగ్‌లో చేతికి పట్టు ఉండదు, కాలు ఆనడానికి అంచు ఉండదు. ఏటవాలు బండ మీద మనిషిని నిలబెట్టేది షూ అడుగు రబ్బరు రాతి గరుకులో ఒదిగి పట్టుకోవడమే. అందుకే కొనేటప్పుడు రబ్బరు పేరు కన్నా ముందు, షూ ఎంత సులువుగా వంగుతుందో చూస్తాను.

ఒక చేత్తో మడమ, ఇంకో చేత్తో ముందు భాగం పట్టుకుని వంచాలి. వేళ్ల మొదట్లో, పాదం సహజంగా వంగేచోటే షూ కూడా వంగాలి. తర్వాత గుడ్డ పిండినట్టు మెలితిప్పాలి. మొండికేస్తే లోపల గట్టి మిడ్‌సోల్ (అడుగు రబ్బరుకూ పాదానికీ మధ్య ఉండే పొర) ఉన్నట్టే. సన్నటి అంచు మీద బొటనవేలి కొనతో నిలబడటానికి ఆ గట్టితనం కావాలి. నున్నటి బండ మీద మాత్రం దానివల్ల రబ్బరులో కొంత భాగమే రాయికి తగులుతుంది, మిగతాది పైకి లేచి ఉండిపోతుంది. కాలు జారేది అక్కడే.

రబ్బరు మందం 3.5 నుంచి 4 మిల్లీమీటర్లు ఉంటే నాకు చాలు. 5 మిల్లీమీటర్లది ఎక్కువ కాలం మన్నుతుంది కానీ, కింద ఏముందో పాదానికి తెలియనివ్వదు. వైబ్రమ్ వాళ్ల రబ్బర్లలో ఎక్స్‌ఎస్ గ్రిప్ 2 మెత్తనిది, ఈ పనికి అదే నయం. ఎక్స్‌ఎస్ ఎడ్జ్ కాస్త గట్టిది, అంచులకు సరిపోతుంది. ఇక్కడ నేనో చిన్న పరీక్ష పెడతాను: నేల మీద నాణెం ఉంచి, దాని మీద బొటనవేలి మొదలు ఆనించి బరువు వేస్తాను. నాణెం అంచు ఎక్కడుందో పాదానికి స్పష్టంగా తెలియాలి.

సైజు దగ్గరే చాలామంది తడబడతారు. వేళ్లు ముడుచుకుపోయేంత బిగుతు ఫ్రిక్షన్‌కు పనికిరాదు. కణుపులు పైకి లేస్తే పాదం ముందు భాగం బండ మీద పరుచుకోదు, నొప్పికి బరువు వెనక్కి తీసేస్తాం. అలాగని వదులుగా ఉన్నా కష్టమే, ఎందుకంటే షూ కదలకపోయినా లోపల పాదం పక్కకు జరుగుతుంది. వేళ్లు చాపుకుని కొనకు తగలాలి, పక్కల ఖాళీ ఉండకూడదు. పాదాలు కాస్త ఉబ్బి ఉండే సాయంత్రం పూట, సాక్స్ లేకుండా వేసుకుని చూడటం మేలు. లైనింగ్ లేని తోలు షూ దాదాపు ఒక సైజు వరకూ సాగొచ్చు. సింథటిక్‌ది అంతగా సాగదు. అందుకే లా స్పోర్టివా మిథోస్ లాంటి లైనింగ్ లేని స్వెడ్ తోలు షూ కొంటే, సాగేదాకా మొదట్లో కాస్త బిగుతును ఓర్చుకోవాలి.

వేసుకున్నాక ఏటవాలు పలక మీద నిలబడి మడమ కిందికి దించాలి. మడమ దిగేకొద్దీ ముందు భాగం రబ్బరు ఎక్కువగా పరుచుకోవాలి. మడమ వెనక తోలు నరాన్ని కోస్తుంటే ఆ జత పక్కన పెట్టేయండి, ఎందుకంటే స్లాబ్ (ఇలాంటి ఏటవాలు బండ) మీద ఉన్నంతసేపూ మడమ దించే ఉంచాలి.

మెత్తని షూతో ఒక ఇబ్బంది ఉంది. షూ మోయాల్సిన పనంతా పాదం కండరాల మీద పడుతుంది, పిక్కలు త్వరగా అలసిపోతాయి. పొడవైన దారిలో మధ్యమధ్య సన్నటి అంచులుంటే కొంచెం గట్టి జతే సుఖం.

కొత్త రబ్బరు పైన నిగనిగలాడే పొర ఉంటే సన్నటి గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దాలి. ఎక్కేముందు ప్రతిసారీ తడిగుడ్డతో అడుగు తుడిచి ఆరనివ్వాలి. దుమ్ము పొర ఉంటే ఎంత మంచి రబ్బరైనా జారుతుంది. ఎండకు కాలిన బండ మీద రబ్బరు పట్టు తగ్గుతుంది కాబట్టి కష్టమైన స్లాబ్‌లు చల్లటి పూటకు ఉంచుకోవడం మంచిది.

అడుగు అరిగి, వేళ్ల చుట్టూ ఉండే రబ్బరు పట్టీ (రాండ్) కనబడకముందే రీసోల్‌కు, అంటే కొత్త అడుగు వేయించడానికి ఇవ్వాలి. రాండ్‌కు చిల్లు పడితే ఖర్చు పెరుగుతుంది, షూ ఆకారమూ మారొచ్చు. ఇచ్చేటప్పుడు పాత మందమే వేయమని గట్టిగా చెప్పండి. మన్నుతుందని మందం రబ్బరు వేస్తే మెత్తని షూ కాస్తా గట్టిపడిపోతుంది.