పల్స్ బాగానే ఉందన్నారు

ఇప్పుడైతే రాయగలుగుతున్నాను. అప్పుడే రాసుంటే తిట్లు తప్ప ఇంకేం ఉండేవి కావు.

విశాఖ నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డు. సైకిల్ మీద రుషికొండ దాటాను, ఎదురుగా రాంగ్ రూట్లో వచ్చిన ఆటో గుద్దేసింది. కుడి మోకాలి కింద ఎముక విరిగింది. ఎక్స్‌రేలు, సంతకాలు, ఇన్సూరెన్స్ వాళ్లతో వాదనలు అందరికీ ఉండేవే. ఎముక లోపల రాడ్డు వేసి సాయంత్రానికి వార్డుకి తెచ్చారు.

చెప్పాల్సింది ఆ రాత్రి గురించే. మత్తు దిగాక మొదలైన నొప్పి ఏ ఇంజెక్షన్‌కీ లొంగలేదు. పిక్క రాయిలా బిగుసుకుంది, వేళ్ల మధ్య తిమ్మిరి. డ్యూటీ డాక్టరు పాదం మీద నాడి చూసి, "పల్స్ బాగానే ఉంది" అన్నాడు. వెళ్తూ వెళ్తూ, "మారథాన్లు పరిగెడతారు కదండీ, ఈమాత్రం ఓర్చుకోలేరా?" అని నవ్వాడు. "మా వోడు ఇలా ఏడ్సీవోడు కాదు బాబూ" అని అమ్మ బతిమాలింది. వినలేదు. నాకు సిగ్గేసి దుప్పటి నోట్లో కుక్కుకున్నాను. ముప్పై కిలోమీటర్లు దాటాక నొప్పి నోరు నొక్కడమే కదా మేం నేర్చుకునేది! ఆ విద్యే నా కాలి మీదికి తెచ్చింది.

నైట్ డ్యూటీ సిస్టర్ వచ్చి నా బొటనవేలు మెల్లగా వంచింది. నా అరుపుకి వార్డంతా లేచింది. ఆమె ఎవర్నీ అడగలేదు, నేరుగా సర్జన్ ఇంటికే ఫోన్ చేసింది. కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్. కండరం చుట్టూ ఉండే పొర సాగదు. లోపల వాపు పెరిగితే సన్నటి రక్తనాళాలు మూసుకుపోయి కండరం చచ్చిపోతుంది. పెద్ద ధమని మాత్రం కొట్టుకుంటూనే ఉండొచ్చు. గడువు కొద్ది గంటలే. పిక్కకి రెండు పక్కలా ఆ పొర తెగేలా నిలువునా కోసి, కుట్లు వేయకుండా వదిలేశారు, వాపు తగ్గాక తొడ చర్మం తెచ్చి కప్పారు.

సర్జన్‌గారికి రెండు చేతులా దండం పెడతాను. కానీ డిశ్చార్జి కాగితంలో ఆ ఆలస్యం గురించి ఒక్క ముక్క లేదు. అడిగితే "ఇవి ఎవరికైనా వస్తాయండీ" అన్నారు. సిస్టర్‌కి స్వీట్లు పట్టుకెళ్తే ఉద్యోగం మానేసిందన్నారు. మానేసిందో, మాన్పించారో!

అమ్మ సింహాద్రి అప్పన్నకి మొక్కేసింది, నాచేత గిరి ప్రదక్షిణ చేయిస్తానని. ఆషాఢ పౌర్ణమి ముందురోజు కొండ కింద తొలిపావంచా, అంటే మొదటి మెట్టు, దగ్గర కొబ్బరికాయ కొట్టి కొండ చుట్టూ 32 కిలోమీటర్లు నడవాలి. నాకు భక్తి అంతంతమాత్రం. ఫిజియో "ముందు నడక, పరుగు తర్వాత" అనేసరికి అమ్మ మొక్కే నా ట్రైనింగ్ ప్లాన్ అయింది. హనుమంతవాక, అప్పుఘర్, మాధవధార... దారి పొడవునా మజ్జిగ, పులిహోర. ఏ మారథాన్‌లోనూ నాకంత మర్యాద జరగలేదు. ఎన్ఏడీ జంక్షన్ దగ్గర పిక్క పట్టేసి కూలబడితే, ఎవరో ముసలావిడ మచ్చ చూసి కూడా ఏమీ అడక్కుండా జండూబామ్ రాసి వెళ్లిపోయింది. అప్పన్న ఉన్నాడా లేడా అని వాదించే ఓపిక ఆ పూటతో పోయింది.

తర్వాత నేవీ మారథాన్‌లో హాఫ్, 21.1 కిలోమీటర్లు, పూర్తి చేశాను. పాత టైము దరిదాపుల్లో లేను. రాడ్డు లోపలికి దించిన చోట నొప్పి, మోకాళ్ల మీద కూర్చోలేను.

కాలు విరిగిన మనిషి మీ ఇంట్లో ఉంటే, నొప్పి మందుకి లొంగకపోయినా, వేలు కదిపితే ప్రాణం పోతున్నా అరిచి గోల చేయండి. పల్స్ ఉందంటే వేలు వంచి చూడమనండి.

రాడ్డు ఇబ్బంది పెట్టకపోతే ఉంచుకోవచ్చని సర్జన్ అన్నారు. అమ్మ ఒప్పుకోవడం లేదు. అది బయటికొస్తే ఇంకోసారి ప్రదక్షిణ చేయిస్తానని అప్పన్నకి అప్పుడే చెప్పేసిందట.