పెద్దనాయిన తెచ్చిన పయొనీర్

మా పెద్దనాయిన జగిత్యాల నుంచి గల్ఫ్ పోయి, అప్పట్లో తెచ్చుకున్న పయొనీర్ ఎస్‌ఎక్స్-450 రిసీవర్ (రేడియో, యాంప్లిఫయర్ రెండూ ఒకే పెట్టెలో ఉండేది) ఇప్పుడు హనుమకొండలో మా హాల్లో పాడుతోంది. ఛానెల్‌కు 15 వాట్లే. ఈరోజు చిన్న బ్లూటూత్ స్పీకర్ డబ్బా మీద కూడా అంతకన్నా పెద్ద అంకె ఉంటుంది. కానీ 1974లో అమెరికాలో ఎఫ్‌టీసీ (వాణిజ్య ప్రకటనల మీద కన్నేసే ప్రభుత్వ సంస్థ) నిబంధన వచ్చాక, అక్కడ అమ్మే యాంప్లిఫయర్లకు నిలకడగా ఇవ్వగలిగే పవర్‌నే, డిస్టార్షన్‌తో (సౌండ్ ఎంత వికృతమవుతుందో) సహా చెప్పాల్సి వచ్చింది. అందుకే ఆ కాలపు 15 అంటే నిజంగా 15. మా హాలుకు ధారాళంగా సరిపోతుంది.

నాకు అన్నింటికన్నా ఇష్టం ట్యూనింగ్ నాబ్. లోపల ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఉండటంతో, ఒక్కసారి తిప్పి వదిలితే ముల్లు డయల్ మీద తనంతట తానే జారుతూ పోతుంది. ఆకాశవాణి వరంగల్ దగ్గర ఆపి, సిగ్నల్ చూపే మీటర్ చూసుకుంటూ కాస్త సరిచేస్తే మాట ఎంత తేటగా వస్తుందో!

ఇంకోటి లౌడ్‌నెస్ బటన్. రాత్రి పిల్లలు పడుకున్నాక సౌండ్ తగ్గిస్తే మన చెవికి ముందు బేస్ తగ్గిపోతుంది. ఈ బటన్ దాన్ని పెంచి ఇస్తుంది. తబలాలో ఎడమ చేతి దెబ్బ చిన్న సౌండ్‌లోనూ గుండ్రంగా వినపడుతుంది.

రిపేరు పెద్ద పనేం కాలేదు. వాల్యూమ్ గరగరకు కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఎండిపోయిన కెపాసిటర్లు మార్పించాం.

మీ అటక మీద ఇలాంటిది ఉంటే దయచేసి తుక్కు కింద అమ్మకండి. ప్లగ్ పెట్టే ముందు వెనకాల వోల్టేజ్ చూడండి. 120 అని మాత్రమే ఉంటే మన 230కి వోల్టేజ్ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.