పాత రైఫిల్‌కు స్కోప్ రింగులు: ఆ పన్నెండు మిల్లీమీటర్లు

మామయ్య దగ్గర నుంచి నాకు సంక్రమించిన రైఫిల్ మౌజర్ 98 యాక్షన్ (పేల్చే యంత్రాంగం) మీద కట్టిన స్పోర్టర్, అంటే వేటకు తగ్గట్టు మలిచిన రైఫిల్. వాల్‌నట్ స్టాకు (భుజానికి, చెంపకు ఆనే చెక్క భాగం), బ్యారెల్ మీద మడతపడే వెనుక గురి, కొసన పూసలాంటి ముందు గురి. స్కోప్‌ను, అంటే గురిచూసే దుర్బిణిని, పట్టి ఉంచే రింగులు బేసులనే లోహపు దిమ్మల మీద కూర్చుంటాయి. ఆ బేసుల కోసం రిసీవర్‌కు (గుండును లోపలికి తోసే బోల్టు కదిలే ఉక్కు భాగం) ఎవరో చాలా ఏళ్ల క్రితమే రంధ్రాలు వేయించి ఉంచారు. అవి లేకపోయి ఉంటే స్కోప్ ఆలోచనే చేసేవాడిని కాదు. చెక్కుచెదరని పాత రైఫిల్‌కు కొత్తగా రంధ్రం వేయడానికి నాకు మనసొప్పదు. ఒకసారి తొలిచిన ఉక్కు తిరిగి రాదు, సేకరించేవారి దృష్టిలో ఆ రైఫిల్ విలువా తిరిగి రాదు.

మొదట నేను స్కోప్‌ను ఎంచుకుని, దానికి సరిపోయే రింగులు వెతికాను. అక్కడే దారి తప్పాను. 50 మి.మీ. ఆబ్జెక్టివ్ (ముందు కటకం) ఉన్న స్కోప్ అది. ముందున్న గంట ఆకారం బయటి కొలత 58 మి.మీ. మడిచిపెట్టిన వెనుక గురికి అది తగలకూడదంటే ఎత్తు రింగులే గతి. బిగించాను, రేంజ్‌కు తీసుకెళ్లాను. చెంప స్టాకు మీద ఆనిస్తే స్కోప్‌లో నల్లని నెలవంక తప్ప ఏమీ కనబడలేదు. తల ఎత్తితే దృశ్యం నిండేది కానీ, స్టాకుకు ఆనేది నా గడ్డం మాత్రమే. ఇరవై గుండ్లు కాల్చేసరికి మెడ పట్టేసింది. కాగితం మీద రంధ్రాలు పైకీ కిందికీ చెదిరిపోయాయి. తల ప్రతిసారీ ఒకేచోట నిలవకపోతే గురి నిలవదు.

తప్పు స్కోప్‌ది కాదు, స్టాకుదీ కాదు. ఆ స్టాకును చెక్కినవారు ఇనుప గురుల కోసమే, అంటే బ్యారెల్ మీది ముందు వెనుక గురుల కోసమే, చెక్కారు. ఇనుప గురుల గీత బ్యారెల్‌కు బాగా దగ్గరగా ఉంటుంది. అందుకే చెంప ఆనే పైఅంచును కిందికి వాల్చారు. ఈ కాలపు స్టాకుల పైఅంచు దాదాపు తిన్నగా ఉంటుంది, కొన్నిటికి చెంప దిమ్మను పైకి జరుపుకునే వీలూ ఉంటుంది. పాత స్టాకు మాత్రం మన తలను తనకు కావలసిన చోటికే దింపుతుంది.

అందుకని మళ్లీ మొదటి నుంచి లెక్క వేశాను, ఈసారి కంటి నుంచి. బోల్టు తీసి పక్కన పెట్టాను, ఛాంబరు (గుండు కూర్చునే చోటు) ఖాళీగా ఉందని కంటితోనూ వేలితోనూ చూసుకున్నాను. కళ్లు మూసుకుని రైఫిల్‌ను భుజానికి ఎత్తి, చెంపను అలవాటైన చోట తేలిగ్గా ఆనించి, అప్పుడు కళ్లు తెరిచాను. పక్కన నిలబడిన మిత్రుడు స్కేలుతో కొలిచాడు. బ్యారెల్ మధ్యగీత నుంచి నా కంటిపాప 38 మి.మీ. ఎత్తులో ఉంది. అయిదుసార్లు చేస్తే రెండు మిల్లీమీటర్లకు మించి తేడా రాలేదు. ఇంకొకరి ముఖానికి ఈ అంకె వేరుగా ఉంటుంది, కాబట్టి ఎవరి కొలత వారే తీసుకోవాలి.

ఇక మిగతా కొలతలు. నా రైఫిల్‌లో ముందు బేసు పైభాగం బ్యారెల్ మధ్యగీతకు 24 మి.మీ. పైన ఉంది. ఎత్తు రింగులో బేసు నుంచి స్కోప్ గొట్టం మధ్య వరకు 28 మి.మీ. రెండూ కలిపితే 52. నా కన్ను 38 దగ్గర ఉంటే స్కోప్ 52 దగ్గర ఉంది! మెడ ఎందుకు పట్టేసిందో ఈ తీసివేతలోనే ఉంది.

రింగుల పెట్టె మీద రాసే ‘లో, మీడియం, హై’ అనే పేర్లను నమ్మి కొనవద్దని గట్టిగా చెబుతాను. ఒక తయారీదారు మీడియం ఇంకొకరి లో కావచ్చు. పైగా కొందరు ఎత్తును బేసు నుంచి గొట్టం మధ్య వరకు కొలుస్తారు, కొందరు గొట్టం అడుగు వరకే కొలుస్తారు. అంగుళం గొట్టానికి ఈ రెండింటి మధ్య తేడా 12.7 మి.మీ. ఏ కొలతో తెలుసుకోకుండా తెప్పిస్తే తిప్పి పంపక తప్పదు. గొట్టం లావు కూడా చూసుకోవాలి. ఇప్పటివి ఎక్కువగా 25.4 లేదా 30 మి.మీ. ఉంటాయి. రైఫిల్‌తో పాటు స్కోప్ కూడా పాతదే పెడదామనుకుంటే వేరే కొలతలు ఎదురవుతాయి: లైమన్ అలాస్కన్‌ది 22 మి.మీ. పైచిలుకు, వీవర్ 330ది ముప్పాతిక అంగుళమే. ఈ కాలపు అంగుళం రింగు వాటికి వదులు.

స్కోప్ ముందు గంట కింద ఉండాల్సిన ఖాళీ లెక్క సులువే. గంట అంచు వచ్చే చోట నా బ్యారెల్ వ్యాసార్ధం 11, మడిచిన గురి ఎత్తు 9, మధ్యలో ఖాళీకి 3, మొత్తం 23. దీనికి గంట వ్యాసార్ధం 29 కలిపి, బేసు ఎత్తు 24 తీసేస్తే కావలసిన రింగు ఎత్తు 28. గంట లేకుండా ముందు వరకు తిన్నగా సాగే అంగుళం గొట్టమైతే 29 బదులు 12.7 వేసుకోవాలి. అప్పుడు 12 కూడా చాలు. అంటే దొరికే రింగుల్లో అతి పొట్టివి, నా విషయంలో 16 మి.మీ.వి, నిశ్చింతగా పడతాయి. బేసు ఎత్తు 24 కలిపితే గురి గీత 52 నుంచి 40కి దిగింది. తేడా పన్నెండు మిల్లీమీటర్లు, దాదాపు చిటికెనవేలి మందం.

పొట్టి రింగులకు అడ్డం వచ్చేవి ముందువైపు కంటే వెనుకవైపే ఎక్కువ. మౌజర్ బోల్టు పిడి తొంభై డిగ్రీలు పైకి లేస్తుంది. సైనిక రైఫిళ్లలోని తిన్నని పిడి లేచి స్కోప్‌కు తగులుతుంది. నా స్పోర్టర్‌లో పిడిని ముందే కిందికి వంచి ఉన్నారు కాబట్టి ఆ బెడద లేదు. సేఫ్టీ (పొరపాటున పేలకుండా ఆపే మీట) మాత్రం అసలుదే, బోల్టు వెనుక జెండాలా నిలబడి ఒకవైపు నుంచి ఇంకోవైపుకు పడేది. దాని దారిలోకి స్కోప్ కంటి భాగం వచ్చింది. పక్కకు తక్కువ ఎత్తులో కదిలే సేఫ్టీ పెట్టించి, పాతదాన్ని నూనె గుడ్డలో చుట్టి దాచాను. సేఫ్టీ విషయంలో సర్దుబాటు పనికిరాదు. అది చివరి వరకు తిరగకపోతే ఆ రింగులు ఎంత అందంగా ఉన్నా వద్దు.

చివరికి 2.5 రెట్లు పెంచి చూపే, 20 మి.మీ. ఆబ్జెక్టివ్ ఉన్న, గంట లేని స్కోప్ పెట్టాను. కన్ను 85 మి.మీ. దూరంలో ఉండేలా జరిపి, రింగు మరలను రెండు న్యూటన్-మీటర్లకు మించకుండా, ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాను. మళ్లీ కళ్లు మూసుకుని ఎత్తాను. తెరిచేసరికి వృత్తం నిండుగా ఉంది, తల కదపనక్కర్లేదు. దృశ్యం అడుగున ముందు గురి పూస మసక నీడలా కనిపిస్తోంది. తక్కువ శక్తి స్కోప్‌లలో అది మామూలే. ఆ పూసను తీసేయమని ఇద్దరు చెప్పారు. నేను తీయలేదు. మామయ్య గురిపెట్టింది దానితోనే.