నొప్పికి రుజువు అడిగారు

నిన్ననే డిశ్చార్జ్ అయ్యాను. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

నాకు పుట్టుకతోనే సికిల్ సెల్ వ్యాధి. ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కున్నప్పుడు వచ్చే నొప్పిని క్రైసిస్ అంటారు. ఈసారి నడుములో, తొడ ఎముకల్లో మొదలైంది. నీళ్లు బాగా తాగాను, కాపడం పెట్టుకున్నాను, మాత్రలు వేసుకున్నాను. తగ్గలేదు. ఆసుపత్రికి చేరడం, పేరు రాయించడం చకచకా అయిపోయాయి.

అసలు కథంతా అత్యవసర విభాగంలోనే. డ్యూటీ డాక్టరు బీపీ, నాడి చూసి, “అన్నీ బాగానే ఉన్నాయి కదమ్మా, అంత నొప్పి ఎందుకుంటుంది?” అన్నారు. నాకు మార్ఫిన్ (నల్లమందు నుంచి వచ్చే బలమైన నొప్పి మందు) పనిచేస్తుందని, మోతాదు ఇంత అని చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది. మందు లెక్క ఇంత కచ్చితంగా తెలుసంటే అలవాటు పడి ఉంటుందని నర్సుతో అన్నారు, నాకు వినపడేలాగే. పైగా ఫోను చూసుకుంటున్నానట, కాబట్టి నొప్పి లేదట! చిన్నప్పటి నుంచి నొప్పితో బతికినవాళ్లు అరవరండీ. అరిచినా లాభం లేదని మాకు ఎప్పుడో తెలిసిపోయింది.

క్రైసిస్ ఉందో లేదో తేల్చే రక్తపరీక్ష ఏదీ లేదు, రోగి మాటే ఆధారం. గంటలోపు మొదటి డోసు పడాలని వైద్య మార్గదర్శకాల్లోనే ఉంది. నాకు మాత్రం పారాసిటమాల్ ఇచ్చి బల్ల మీద కూర్చోబెట్టారు. హీమోగ్లోబిన్ 8 అని రాగానే అందరూ కంగారు. అది నాకు మామూలే, ఇతరుల కణాలు 120 రోజులు బతికితే నావి 10 నుంచి 20 రోజుల్లో పోతాయని నేనే పాఠం చెప్పాను. పళ్లు బిగపట్టుకుని చెప్పినా బాగానే చెప్పాను.

తెల్లవారుజామున జ్వరం, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు. అప్పుడే డ్యూటీ మారి వచ్చిన డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి విని వెంటనే ఎక్స్‌రే తీయించారు. అక్యూట్ చెస్ట్ సిండ్రోమ్, అంటే సికిల్ సెల్ వల్ల ఊపిరితిత్తులు ఉన్నట్టుండి దెబ్బతినడం. ఈ వ్యాధిలో ప్రాణం తీసే ప్రధాన కారణాల్లో ఇదొకటి. నొప్పికి భయపడి లోతుగా ఊపిరి తీయకపోవడం కూడా దీనికి దారితీస్తుంది. నన్ను మందు అలవాటు నుంచి కాపాడదలచిన ఆ పెద్దమనిషికి ఇది ఎవరైనా చెబితే బాగుండు. ఆక్సిజన్, యాంటీబయాటిక్స్, చివరికి మార్ఫిన్, సరిపోల్చిన రక్తం అన్నీ ఇచ్చారు. మెలకువగా ఉన్నంతసేపు రెండు గంటలకోసారి స్పైరోమీటరుతో (లోతుగా ఊపిరి తీయించే చిన్న పరికరం) పదేసి ఊపిర్లు తీయించారు. కోలుకున్నాను.

మీలో ఎవరికైనా ఈ వ్యాధి ఉంటే, మీ హెమటాలజిస్టుతో (రక్తవ్యాధుల డాక్టరుతో) ఒక కాగితం రాయించి సంతకం చేయించుకోండి: మామూలు హీమోగ్లోబిన్ ఎంత, ఏ నొప్పి మందు ఎంత మోతాదు. తోడుగా గట్టిగా మాట్లాడే మనిషిని తీసుకెళ్లండి, మెతకవాళ్లు పనికిరారు. జ్వరం వస్తే ఇంట్లో ఉండిపోకండి, మనకు ప్లీహం సరిగా పనిచేయదు, ఇన్ఫెక్షన్ గంటల్లో ముదురుతుంది. క్రైసిస్‌లు తగ్గించే హైడ్రాక్సీయూరియా మందు రాసిస్తే మానకండి, రక్తపరీక్షలూ ఎగ్గొట్టకండి.

డిశ్చార్జ్ కాగితంలో “సికిల్ సెల్ ట్రెయిట్” అని రాశారు. ట్రెయిట్ అంటే జత జన్యువుల్లో ఒకటి మాత్రమే సికిల్‌ది, నాకున్నవి రెండూ అవే. దిద్ది ఇచ్చేదాకా కౌంటరు దగ్గర నుంచి కదల్లేదు. వెనక వరుసలో ఉన్నవాళ్లు విసుక్కున్నారు, విసుక్కోనీ.