సోలార్ ఇన్వర్టర్ మారుస్తున్నారా? కిలోవాట్ల కన్నా ముందు వోల్టులు చూడండి

పాత 24 వోల్టుల ఇన్వర్టర్ తీసేసి 48 వోల్టుల 5 కిలోవాట్ల హైబ్రిడ్ (ప్యానెళ్లు, బ్యాటరీ, గ్రిడ్ మూడిటితోనూ పనిచేసేది) పెట్టాలనుకునేవాళ్లు ముందు అడిగేది ఒకటే: ఏసీ నడుస్తుందా, మోటారు లాగుతుందా అని. అడగాల్సిందే. కానీ కొత్త ఇన్వర్టర్ కాలిపోవడానికి లోడు కన్నా ప్యానెళ్ల వైపు వోల్టేజీ లెక్క తప్పడమే పెద్ద కారణం. లోడు ఎక్కువైతే ఇన్వర్టర్ ట్రిప్ అయి తనను తాను కాపాడుకుంటుంది. పీవీ (సోలార్ ప్యానెళ్ల) వోల్టేజీ ఎక్కువైతే కాపాడుకునే దారి లేదు.

550 వాట్ల ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద వీఓసీ 49.8 వోల్టులు ఉందనుకుందాం. లోడు లేనప్పుడు, సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు వచ్చే వోల్టేజీ అది. ఇన్వర్టర్ పీవీ ఇన్‌పుట్ గరిష్ఠం 500 వోల్టులు. పది ప్యానెళ్లు సిరీస్‌లో కలిపితే 498. సరిపోయిందనుకుంటారు. కానీ చలికి ప్యానెల్ వోల్టేజీ పెరుగుతుంది, డిగ్రీకి సుమారు 0.27 శాతం. పొద్దున 5 డిగ్రీలుంటే 20 డిగ్రీల తేడాకు 5.4 శాతం పెరిగి 525కి చేరుతుంది. అప్పుడే ఎండ పడ్డ ప్యానెళ్లు, ఇంకా కరెంటు లాగడం మొదలుపెట్టని ఇన్వర్టర్... లోపలి కెపాసిటర్లు, ట్రాన్సిస్టర్లు పోయేది ఆ కాసేపట్లోనే. తొమ్మిది ప్యానెళ్లయితే చలిలో కూడా 472 దగ్గర ఆగుతుంది. మీరున్న చోట ఎప్పుడూ ఉండే చలి కాదు, నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రతతో లెక్క వేయండి.

పదీ వాడాలంటే అయిదేసి చొప్పున రెండు స్ట్రింగులు (సిరీస్ వరసలు) చేయొచ్చు. అప్పుడు వీఓసీ 249 మాత్రమే, కానీ రెండూ ప్యారలల్‌లో కలిస్తే కరెంటు సుమారు 28 ఆంప్స్ అవుతుంది. ఇన్వర్టర్ 18 ఆంప్స్ మాత్రమే తీసుకోగలిగితే మిగతా ఎండ వృథా. ఇక్కడ స్పెసిఫికేషన్‌లో రెండు అంకెలుంటాయి. పనిచేసే కరెంటు పరిమితి దాటితే ఉత్పత్తి తగ్గుతుందంతే, షార్ట్ సర్క్యూట్ కరెంటు పరిమితిని మాత్రం దాటకూడదు. రెండు ఎంపీపీటీలు (ప్యానెళ్ల నుంచి గరిష్ఠ పవర్ రాబట్టే సర్క్యూట్లు) ఉన్న మోడల్ తీసుకుని ఒక్కో స్ట్రింగు ఒక్కోదానికి ఇస్తే ఈ గొడవే ఉండదు.

పాత ప్యానెళ్లు ఉంచుకునేవాళ్లకు ఇంకో చిక్కు. 36 సెల్స్ ఉన్న 12 వోల్టుల ప్యానెళ్లను రెండేసి సిరీస్‌లో పెట్టి, ఆ జతలన్నీ ప్యారలల్ చేసి 24 వోల్టుల సిస్టమ్‌కు ఇచ్చి ఉంటారు. స్ట్రింగుకు 44 వోల్టులు దాటవు. కొత్త ఇన్వర్టర్ ఎంపీపీటీ 120 వోల్టులు లేనిదే పని మొదలుపెట్టకపోవచ్చు. మిట్టమధ్యాహ్నం కూడా డిస్‌ప్లేలో పీవీ సున్నా చూపిస్తుంటే చెడిపోయిందనుకునే ముందు ఇది చూడండి. కనీసం ఎనిమిదైనా సిరీస్‌లో ఉండాలి. అప్పుడు కూడా ఎండాకాలంలో సెల్స్ వేడెక్కి వోల్టేజీ పడిపోతే 120 దగ్గరే ఊగిసలాడుతుంది, తొమ్మిదో పదో ఉంటే నయం. పాతవీ కొత్తవీ ఒకే స్ట్రింగులో మాత్రం వద్దు. సిరీస్‌లో కరెంటు అన్నిటికన్నా బలహీనమైన ప్యానెల్ ఎంతిస్తే అంతే.

బ్యాటరీ వైపు 48కి మారడం వల్ల లాభం స్పష్టంగా కనిపిస్తుంది. 5000 వాట్లకు, 90 శాతం ఎఫిషియెన్సీతో, 24 వోల్టుల దగ్గర 231 ఆంప్స్ కావాలి, 48 దగ్గర 116. అయినా తక్కువేం కాదు. 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ కనీసం, దూరం రెండు మీటర్లు దాటితే 50. ప్లస్ కేబుల్ మీద, బ్యాటరీకి వీలైనంత దగ్గరగా 150 ఆంప్స్ ఫ్యూజు. లిథియం బ్యాటరీ అయితే క్లాస్ టి రకం (భారీ షార్ట్ సర్క్యూట్ కరెంటును తెంచగల ఫ్యూజు) పెట్టండి. వాహనాల్లో వాడే ఫ్యూజులు చాలావరకు 32 వోల్టులకే రేట్ అయినవి, 48 దగ్గర తెగినా లోపల ఆర్క్ (ఖాళీని దాటి మండే కరెంటు మెరుపు) ఆగకపోవచ్చు. లగ్గు (కేబుల్ కొసన బిగించే లోహపు రింగు) నేరుగా టెర్మినల్‌కు ఆనాలి, వాషర్ దాని మీదే ఉండాలి. మధ్యలో వాషర్ పెడితే కరెంటంతా దాని గుండా పోయి జాయింటు కాలుతుంది.

డీసీ వైపు ఏసీ కరెంటుకు చేసిన ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే ట్రిప్ అయ్యే స్విచ్) పెట్టడం చాలా ఇళ్లలో కనిపించే తప్పు. ఏసీ కరెంటు 50 హెర్ట్జ్‌లో సెకనుకు 100 సార్లు సున్నాకు వస్తుంది కాబట్టి ఆర్క్ దానంతటదే ఆరుతుంది. డీసీలో ఆ అవకాశం లేదు. డీసీ ఎంసీబీల్లో కూడా కొన్నిటి మీద ప్లస్, మైనస్ గుర్తులుంటాయి. అవి తిరగేసి కలిపితే మామూలు రోజుల్లో ఏమీ తెలియదు, లోడు మీద ఆఫ్ చేసిన రోజు అంటుకుంటుంది.

విప్పేటప్పుడు వరస ముఖ్యం. ముందు ఇంటి లోడ్లు, తర్వాత గ్రిడ్ ఇన్‌పుట్, తర్వాత పీవీ ఐసొలేటర్ (ప్యానెళ్లను విడదీసే స్విచ్), చివర బ్యాటరీ. డీసీ క్లాంప్ మీటర్‌తో స్ట్రింగులో కరెంటు సున్నా అని చూసుకున్నాకే ఎంసీ4 కనెక్టర్లు (ప్యానెల్ వైర్ల ప్లగ్గులు) విప్పాలి. కెపాసిటర్లు ఖాళీ కావడానికి మాన్యువల్ చెప్పినంతసేపు ఆగండి, చెప్పకపోతే పది నిమిషాలు. కొత్త కనెక్టర్లు వేయాల్సొస్తే రెండు కొసలకూ ఒకే కంపెనీవి ఒకే మోడల్‌లో వేయండి. వేర్వేరు కంపెనీలవి టక్కున అతికినట్టే ఉంటాయి, లోపల కాంటాక్టు సరిగా కూర్చోక కరుగుతాయి.

కలిపేటప్పుడు బ్యాటరీ ముందు, పీవీ తర్వాత, ఆపైన గ్రిడ్, ఆఖరున లోడ్లు. స్ట్రింగు వోల్టేజీ, పోలారిటీ మీటర్‌తో చూడకుండా పీవీ ఆన్ చేయొద్దు. బ్యాటరీ మొదటిసారి తగిలించినప్పుడు ఖాళీ కెపాసిటర్లు ఒక్కసారిగా కరెంటు లాగి పెద్ద నిప్పురవ్వ వస్తుంది, లిథియం అయితే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) షార్ట్ సర్క్యూట్ అనుకుని ఆగిపోతుంది. ముందు 25 నుంచి 50 ఓమ్‌ల రెసిస్టర్ ద్వారా అయిదారు సెకన్లు తాకించి, తర్వాత నేరుగా కలిపితే సరి.

సెట్టింగుల్లో డిఫాల్ట్‌ను నమ్మకండి. చార్జింగ్ కరెంటు 60 ఆంప్స్ అని వస్తే 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్స్) ట్యూబులర్ లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఉడికిపోతాయి, వాటికి 15 చాలు. నాలుగు 12 వోల్టుల ట్యూబులర్‌లకు చార్జింగ్ 57.6 వోల్టులు, ఫ్లోట్ (నిండాక నిలబెట్టే వోల్టేజీ) 54 దగ్గర. పదహారు సెల్స్ ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీకి చార్జింగ్ 56, ఫ్లోట్ 54, కటాఫ్ (వాడకం ఆపే వోల్టేజీ) 48, ఈక్వలైజేషన్ (సెల్స్‌ను సమం చేసే ఎక్కువ వోల్టేజీ చార్జింగ్) పూర్తిగా ఆఫ్. లేబుల్ మీద 51.2 ఉంటే పదహారు సెల్స్, 48 ఉంటే సాధారణంగా పదిహేను. పదిహేనయితే చార్జింగ్ 52.5 చాలు. ఈ తేడా చూడకపోతే బీఎంఎస్ మాటిమాటికీ కట్ చేస్తుంది.

పెద్ద ఇన్వర్టర్‌కు ఖాళీగా ఉన్నా తిండి కావాలి. లోడు లేకుండా 55 వాట్లు తినే మోడల్ రోజుకు 1.3 యూనిట్లు తీసుకుంటుంది, అంటే 100 ఏహెచ్ లిథియం బ్యాటరీలో పావు వంతు. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు నడిపే ఇంటికి 5 కిలోవాట్లు అక్కర్లేదు.

మోటారు సంగతి: ఒక హెచ్‌పీ పంపు నడిచేటప్పుడు సుమారు 1.1 కిలోవాట్లు తీసుకున్నా, స్టార్టింగులో అయిదారు రెట్లు లాగుతుంది. ఇన్వర్టర్ సర్జ్ (కాసేపు ఇవ్వగల గరిష్ఠ పవర్) ఎంత అనేదే కాదు, ఎన్ని సెకన్లు అని కూడా చూడండి. ఎక్కువ బరువుండి, లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న రకం ఈ విషయంలో మేలు.

అంతా అయ్యాక ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే ఆపే స్విచ్) ట్రిప్ అవుతుంటే ముందే ఇన్వర్టర్‌ను అనుమానించొద్దు. చాలాసార్లు బ్యాకప్ సర్క్యూట్ల న్యూట్రల్ మెయిన్ న్యూట్రల్ లింకులో కలిసి ఉంటుంది. బ్యాకప్‌కు వేరే న్యూట్రల్ లింకు పెట్టి, ఏ ఫేజ్‌కు ఆ న్యూట్రల్ విడదీస్తే ఆగుతుంది. ఆ తర్వాత గంటసేపు నిండు లోడు పెట్టి, ప్రతి లగ్గునూ ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూడండి. పక్కనున్న కేబుల్ కన్నా ఏ లగ్గయినా బాగా వేడిగా ఉంటే, సిస్టమ్ ఆపి, అది విప్పి మళ్లీ క్రింప్ చేయండి (టూల్‌తో నొక్కి బిగించండి).