మూడో చరణం

రాత్రి పన్నెండు దాటాక ఇలా కూర్చుని రాయడానికి కారణం ఉక్కపోత కాదు. రోహిణి కార్తె ప్రవేశించి మూడు రోజులైంది కనుక ఉక్క ఎలాగూ ఉంటుంది, దాని గురించి కొత్తగా రాయవలసినదేమీ లేదు. కారణం సాయంత్రం ఫోనులో మా అన్నయ్య అన్న ఒక్క మాట. "ఆ పాట ఆపింది నువ్వే కదే" అన్నాడు. నవ్వుతూ అనలేదు, కోపంగానూ అనలేదు. కరెంటు బిల్లు కట్టారా అని అడిగినంత మామూలుగా అన్నాడు. ఆ మామూలుతనమే నాకు నిద్ర పట్టనివ్వడం లేదు.

పొద్దున్న కూలరులో గడ్డి మార్చాలని మావారు అటకెక్కారు. ఈ పని మార్చిలో చేయాలని నేను ఫిబ్రవరి నుంచీ చెబుతూనే ఉన్నాను. అది మే నెలాఖరుకు జరిగిందంటే మా ఇంట్లో త్వరగా అయినట్టే లెక్క. గడ్డి కట్టలకోసం వెతుకుతూ ఆయన బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి కిందికి అందించారు. అటక మీద వేడికి ఆ డబ్బా, అప్పుడే పొయ్యి మీంచి దించిన గిన్నెలా కాలుతోంది. అందులో నాన్నగారి క్యాసెట్లు పదకొండు ఉన్నాయి. పైనున్నదాన్ని తీసి చేతిలోకి తీసుకోగానే లోపలినుంచి ఏదో జారి అరచేతిలో పడింది. చూస్తే, సన్నటి రాగి రేకుకు అంటించి ఉండే ఆ కందిగింజంత ఫెల్టు ముక్క. జిగురు ఎండిపోయి ఊడి వచ్చేసింది. టేపును హెడ్డుకు ఆనించి పట్టి ఉంచేది ఆ ముక్కే. అది లేకపోతే పాట ఎక్కడో నూతిలోంచి వినిపించినట్టు ఉంటుంది. అయినా వినడానికి మా ఇంట్లో ఇప్పుడు టేప్ రికార్డరు ఎక్కడుంది గనుక?

క్యాసెట్టు అట్ట మీద నాన్నగారి గుండ్రటి అక్షరాలతో "12-5-85" అని తేదీ, దాని కింద ఒక వైపుకు తొమ్మిది పాటల చొప్పున వరుసగా పేర్లు ఉన్నాయి. మొదటి వైపు మూడోది "లాహిరి లాహిరి లాహిరిలో". దాని పక్కన కుండలీకరణాల్లో, ఆఫీసు ఫైలులో రాసుకున్నంత పద్ధతిగా, "అసంపూర్ణం" అని ఉంది.

ఆ రాత్రి సంగతి ఇక్కడ ఇదివరకే ఒకటి రెండు సార్లు రాశాను. ఇప్పుడు చూస్తే, రాసిన ప్రతిసారీ తప్పే రాశాను. అందుకే మళ్ళీ మొదటినుంచీ చెబుతాను.

నాన్నగారు తమ ఆఫీసులో ఒకరిని అడిగి రెండు రోజులకోసం టేప్ రికార్డరు తెచ్చారు. రేడియోలోంచి తిన్నగా పాట పట్టే సదుపాయం దానికి లేదు. కనుక పెరటి వసారాలో రెండు పీటలు ఎదురెదురుగా వేసి, ఒకదాని మీద రేడియో, మరొకదాని మీద టేప్ రికార్డరు పెట్టి, మధ్యలో జానెడు దూరం ఉంచారు. పాట గాలిలోంచే పోవాలి. దానితోపాటు వసారాలో ఏ చప్పుడైతే ఆ చప్పుడు కూడా పోతుంది. అందుకని ఆ రాత్రి ఫ్యాను ఆపేశారు. ఊరంతా ఆరుబయట మంచాలేసుకుని విసనకర్రలు ఆడిస్తూంటే, మేము మాత్రం వసారాలో ఊపిరి బిగబట్టి చెమటలు కక్కుతూ కూర్చున్నాము. దగ్గు వస్తే పెరట్లోకి పరుగెత్తాలని ముందే హెచ్చరిక జరిగింది. పిల్లలెవరూ ఆ పెట్టె జోలికి వెళ్ళకూడదని మరో హెచ్చరిక.

వివిధభారతిలో ఏ పాట వస్తుందో ముందు తెలియదు. అనౌన్సరు చిత్రం పేరు, రచన, సంగీతం, గానం చెప్పి ముగించేలోగా ఎర్ర మీటా, దాని పక్క మీటా కలిపి ఒక్కసారే నొక్కాలి. నాన్నగారు రెండు వేళ్ళూ వాటిమీద ఆనించి, పందెం కోడిని పట్టుకున్నవాడిలా కూర్చునేవారు. "మాయాబజార్, రచన పింగళి నాగేంద్రరావు, సంగీతం ఘంటసాల, గానం ఘంటసాల, పి. లీల" అన్న మాటలు ముందు నా చెవిన పడ్డాయి, సినిమా చూసింది మాత్రం చాలా ఏళ్ళ తరువాత. ఆ వరుస కట్టినది ఘంటసాల కాదనీ, ఆ సినిమాలో నాలుగు పాటలకు సాలూరి రాజేశ్వరరావు బాణీలు కట్టి తప్పుకోగా మిగతా పాటలూ, మొత్తం వాద్యగోష్ఠీ ఘంటసాల చూసుకున్నారనీ, అయినా తెర మీద ఒక్క పేరే పడిందనీ తెలియడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది. చేసినది ఒకరు, పేరు మరొకరికి. ఈ మాట ఇప్పుడెందుకు రాస్తున్నానో నాకే కొంచెం తెలుస్తోంది గానీ, దాని దగ్గరికి తరువాత వస్తాను.

మొదటి చరణం బాగానే ఎక్కింది. రెండో చరణం సగంలో ఉండగా పెరట్లోంచి మామ్మ, "ఒరేయ్, కుండలో నీళ్ళు నిండుకున్నాయిరా" అని గట్టిగా కేక వేసింది. ఆవిడకు చెవుడు, అందుచేత లోకమంతటికీ చెవుడే అనుకునేది. నాన్నగారు పళ్ళు కొరుక్కుంటూ, అడుగుల చప్పుడైనా కాకుండా పిల్లిలా లేచి, ఆవిడ నోరు మూయించడానికి వెళ్ళారు. తిరిగి వచ్చేసరికి రేడియోలో మూడో చరణం మొదలవుతోంది, టేప్ రికార్డరులో చక్రాలు ఆగిపోయి ఉన్నాయి. పెట్టెకు దగ్గరగా కూర్చున్నది అన్నయ్య. అప్పుడు వాడికి పన్నెండేళ్ళు, నాకు ఎనిమిది.

నాన్నగారు కొట్టలేదు. ఆ రాత్రి మిగిలిన పాటలన్నీ పట్టుకున్నారు, కానీ అన్నయ్యతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆ పాట మళ్ళీ రేడియోలో వచ్చేలోగా టేప్ రికార్డరు తిరిగి ఇచ్చేయవలసిన గడువు వచ్చింది. ఆ తరువాత పదేళ్ళపాటు ఇంటికి ఎవరు వచ్చినా, క్యాసెట్టు పెట్టినప్పుడల్లా, "మూడో చరణం మావాడు మింగేశాడు" అని పరిచయం చేసేవారు. అన్నయ్య ఏమీ అనేవాడు కాదు. నేను మాత్రం వాడి తరఫున వకాల్తా పుచ్చుకున్నాను. టేపు అయిపోయి దానంతట అదే ఆగింది, అన్నయ్య తప్పేమీ లేదు, నాన్నగారు అన్యాయం చేశారు అని నా వాదన. ఇక్కడ రాసినప్పుడూ అదే రాశాను, చదివినవారు మా అన్నయ్య మీద జాలి కూడా పడ్డారు.

మరి ఈ అట్ట మీద అది మూడో పాట అని ఉంది. అరవై నిమిషాల క్యాసెట్టుకు ఒక్కో వైపు 30 నిమిషాలు నడుస్తుంది. ఆ కాలపు గ్రామఫోను రికార్డు ఒక్కో వైపు మూడు, మూడున్నర నిమిషాలు మాత్రమే పట్టేది కనుక, పాటలన్నీ ఇంచుమించుగా ఆ కొలతకే కుట్టినట్టు ఉంటాయి. ఆ లెక్కన మూడో పాట పదో నిమిషం దగ్గరే అయిపోవాలి. టేపు అయిపోవడం అసాధ్యం. కరెంటు పోయి ఉంటుందేమో అనుకున్నాను గానీ, పట్టుకుంటూండగా చక్రాలు నెమ్మదిస్తే, తిరిగి పెట్టినప్పుడు గొంతు వేగం పెరిగి, సన్నబడి, కీచుమని ఆగాలి. మా క్యాసెట్టులో పాట కత్తెరతో కోసినట్టు ఆగుతుంది, ఆ చోటు నాకు కంఠతా వచ్చు. అంటే ఎవరో నొక్కారు.

అన్నయ్యే నొక్కాడని ఇన్నాళ్ళకు రుజువైందని నవ్వుకుంటూ, ఏడిపించడానికే ఫోను చేశాను. వాడు అన్న మాట మొదట్లోనే రాశాను. "చక్రాలు ఆగుతాయో లేదో చూద్దామన్నావు, నేను వద్దనేలోపే నొక్కేశావు" అని కూడా అన్నాడు. మరి నలభై ఏళ్ళు ఎందుకు చెప్పలేదంటే, "చెబితే నిన్ను తిట్టేవారు కదా" అన్నాడు. ఆ వెంటనే, వాళ్ళ వైపు మామిడికాయ ఇంకా దొరుకుతోందనీ, అమ్మకు ఆవకాయకు కావాలేమో కనుక్కోమనీ అడిగాడు.

నాకు ముందు వచ్చినది కోపమే. దాచిపెట్టి, దాచిపెట్టి, తనకు తీరిక దొరికిన రోజున మామిడికాయల పక్కన పెట్టి ఇచ్చే సంగతా ఇది? పైగా ఆ పెద్దమనిషి తరహా ఒకటి. నేనేదో వాడికి వకీలునని ఇన్నేళ్ళూ మురిసిపోతూంటే, వాడు బోనులో నిలబడి, అసలు ముద్దాయి అయిన చెల్లెలి వాదన ముచ్చటగా వింటున్నాడన్న మాట. అబద్ధమే చెబుతున్నాడని కూడా అనుకున్నాను. మీదపడిన నింద వదిలించుకోవడానికి సాక్షులు లేని కాలం చూసి కథ అల్లాడేమో. మావారితో చెబితే, గడ్డి మార్చినందుకు తనను ఎవరూ మెచ్చుకోలేదన్న బాధలో ఉన్నారు కనుక, "నువ్వు నొక్కే ఉంటావు, టీవీ రిమోటు చూడటం లేదా" అన్నారు. అమ్మను అడిగితే "కరెంటు పోయింది" అంది. కీచు లేదు కదమ్మా అంటే, "ఎవరికి గుర్తు, ఆ కూలరులో నీళ్ళున్నాయో లేవో చూడు" అంది.

రాత్రి భోజనాలయ్యాక అమ్మాయి డాబా మీద పక్కలు వేసి, ఫోనులో ఆ పాట పెట్టింది. పైన నిజం చంద్రుడు ఉన్నాడు. ఆ పాటలో వెన్నెల చాలావరకు స్టూడియోలో లైట్లతో పుట్టించినదనీ, మార్కస్ బార్‌ట్లే కెమెరా మాయ అనీ చెబితే, "ఇంతకన్నా అదే బాగుంది" అని పైకి చూస్తూ తేల్చేసింది. శశిరేఖా అభిమన్యుల పడవలోకి కృష్ణుడూ రుక్మిణీ ఎందుకు వస్తారని అడిగి, మళ్ళీ పెట్టింది. అంతవరకూ హాయిగానే ఉంది.

చిరాకు ఎక్కడ వచ్చిందంటే, పాట చివర ఆ గొంతులు సన్నగిల్లి నీళ్ళలో కలిసిపోతూండగానే, ఒక్క క్షణం ఊపిరి పీల్చుకోనివ్వకుండా, ఆ ఫోను తనంతట తానే మరో పాట అందుకుంది. డప్పులు, ఈలలు, ఎవరో ఆవేశపడిపోతున్నారు. భోజనం ముగించి చేయి కడుక్కునేలోపు విస్తరిలో ఇంకో గరిటె వడ్డించినట్టు ఉంటుంది నాకది. ఆపమంటే, ఎక్కడ ఆపాలో తనకు వెంటనే కనబడలేదు. పోయిన వారం ఏసీ కోసం మ్యాట్నీకి వెళ్ళినప్పుడూ ఇదే గోల పెట్టాను. సినిమాలో అయిదు పాటలని చెప్పారు, ఒక్కటీ నిలబడి పాడలేదు. హీరో కారు దిగుతూంటే ఒక పల్లవి, మెట్లెక్కుతూంటే సగం చరణం, మిగతాది పోట్లాటల కింద పడి నలిగిపోయింది. చల్లగా ఉంది కనుక నిద్రపోయాను. పాటను మొదలుపెట్టడం, ముగించడం, ముగిశాక ఊరుకోవడం అనే మర్యాద ఎవరికీ లేకుండా పోయిందని అమ్మాయికి ఉపన్యాసం మొదలుపెట్టాను.

మధ్యలోనే నా ఉపన్యాసం నాకే వెలితిగా తోచింది. ఎందుకంటే, డాబా మీద మూడో చరణం వస్తున్నంతసేపూ నాకు ఇబ్బందిగానే ఉంది. నా చెవికి ఆ పాట రెండో చరణం సగంలో, మామ్మ కేక తరువాత రెండు క్షణాలకు, ఠక్కున ఆగిపోవాలి. ఆ కేక లేకపోతే అక్కడ ఏదో మెట్టు తప్పినట్టు కాలు జారుతుంది. పూర్తి పాట ఎన్నిసార్లు విన్నా, మూడో చరణం నాకు ఎవరో తరువాత తెచ్చి అతికించిన ముక్కలాగే ఉంటుంది, అది ఎంత అందంగా ఉన్నా సరే. పాటను ముగియనివ్వని ఫోనును తిడుతున్నాను గానీ, ముగియని పాటనే అసలు పాట అనుకుని పెరిగినది నేనే. అమ్మాయికి ఈ మాట చెప్పలేదు. ఉపన్యాసం మధ్యలో ఆపేసినందుకు తను సంతోషించి, పడుకుంది.

కిందికి దిగి కూలరులో నీళ్ళు పోశాను. ఆ మోటారు రొదలో, అన్నయ్య మాట అబద్ధమని నాకు నేను నచ్చజెప్పుకోవడానికి, ఆ పెట్టె ఎలా ఉండేదో ఒక్కొక్కటిగా గుర్తు తెచ్చుకున్నాను. పైన గాజు మూత, దాని కింద రెండు తెల్లటి పళ్ళ చక్రాలు, ముందు వైపు హార్మోనియం మెట్లలాగా ఆరు మీటలు, వాటిలో ఒకటి ఎరుపు. ఆపే మీట ఆ చివరిది. అది మిగతావాటికన్నా బిరుసుగా ఉండేది. ఒక వేలితో దిగేది కాదు, రెండు బొటనవేళ్ళూ ఒకదానిమీద ఒకటి పెట్టి బలమంతా వేయాలి. వేస్తే సగందాకా దిగి ఒక్క క్షణం మొరాయించేది, ఆ తరువాత ఎర్ర మీట ఠక్కున పైకి లేచి, ఆ అదురు మణికట్టుదాకా తెలిసేది.

ఆ పెట్టె మా ఇంట్లో ఉన్నది రెండు రోజులే. పిల్లలెవరూ దాన్ని ముట్టుకోకూడదని నాన్నగారి ఆజ్ఞ.

రేపు పొద్దున్న అన్నయ్యకు ఫోను చేసి, అమ్మకు మామిడికాయలు కావాలని చెప్పాలి.